57 కిలోలా, 63 కిలోలా: వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్ జూడోకి తయారీ

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ చెల్లె ఓయూ కింద ఉన్న కాలేజీలో బీకాం ఫైనలియర్. జూడోలో 57 కిలోల విభాగం, ఇంటర్ యూనివర్సిటీలో కాంస్యం వచ్చింది. మామూలు బరువు 60.5. పోటీకి మూడు రోజుల ముందు తిండి మానేసి, రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తి 57కి దిగుతుంది. 2027 ఆగస్టులో కొరియాలోని చుంగ్‌చోంగ్‌లో జరిగే వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్ మీద ఆశ పెట్టుకుంది. త్రోలు ఏవి పెంచుకోవాలి, 63కి మారాలా అని అడిగారు.

త్రోల సంగతి తర్వాత. ఇంటర్ యూనివర్సిటీలో పతకం తెచ్చిన అమ్మాయికి త్రోలు ఉన్నట్టే. మనవాళ్లు అక్కడ దెబ్బతినేది బరువు తూచే కాటా దగ్గర, జూడోగి (జూడో దుస్తులు) కొలతల దగ్గర, మొదటి నిమిషంలో పట్టు దగ్గర. వాటి గురించే ఎక్కువ రాస్తాను.

అర్హత ముందు తేల్చుకోండి. గేమ్స్ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. ఈ లెక్కన 2027కి 2002 జనవరి 1 నుంచి 2009 డిసెంబరు 31 మధ్య పుట్టినవాళ్లు పనికొస్తారు. రెగ్యులర్ కోర్సులో చదువుతూ ఉండాలి, లేదా ముందటి క్యాలెండర్ ఏడాదిలో డిగ్రీ పూర్తి చేసి ఉండాలి. అంటే 2026లో బీకాం అయిపోయినా గేమ్స్ తలుపు మూసుకుపోదు. కానీ మన దగ్గర జట్టును పంపేది ఏఐయూ (అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్), దాని చూపంతా ఇంటర్ యూనివర్సిటీ ఫలితాల మీదే. 2026-27లో ఆ పోటీ ఆడాలంటే ఏదో ఒక యూనివర్సిటీలో రెగ్యులర్ విద్యార్థిగా ఉండాల్సిందే. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎంకాంలో చేరడం సులువైన దారి. దూరవిద్యలో చేరితే ఆ ఏడాది చేజారినట్టే.

ఇక బరువు. అంతర్జాతీయ జూడో పద్ధతిలో అధికారిక తూకం పోటీకి ముందు రోజు సాయంత్రం ఉంటుంది. హద్దు లోపల ఉంటే లోపల, దాటితే బయట. కొంచెమే కదా సార్ అని బతిమాలితే వినేవాళ్లు ఉండరు. అధికారిక తూకానికి కాటా ఒక్కసారే ఎక్కనిస్తారు. అంతకు ముందు అదే కాటా మీద అనధికారికంగా చూసుకునే సమయం ఇస్తారు, దాన్ని తప్పకుండా వాడుకోవాలి. అసలు చిక్కు మర్నాడు పొద్దున. పోటీ మొదలయ్యే ముందు ఒక్కో విభాగం నుంచి నలుగురి పేర్లు లాటరీలో తీసి మళ్లీ తూస్తారు. జూడోగి లేకుండా విభాగం హద్దు మీద 5 శాతం మించకూడదు. 57కి 5 శాతం అంటే 2.85 కిలోలు, కాబట్టి గీత 59.85 దగ్గర ఉంటుంది.

ఇప్పుడు మీ చెల్లె లెక్క చూడండి. మూడు రోజుల్లో చెమటగా పోగొట్టిన మూడున్నర కిలోలు రాత్రికి రాత్రి తిరిగొస్తే పొద్దునకి 60 దాటుతుంది. పేరు లాటరీలో వచ్చిందంటే ఒక్క బౌట్ ఆడకుండానే ఇంటికి. తిరిగి రాకపోతే మరో రకం నష్టం: నీళ్లు తక్కువైన కండరంతో, ఖాళీ అయిన గ్లైకోజెన్‌తో (కండరాల్లో నిలవ ఉండే ఇంధనం) మొదటి బౌట్‌కి దిగుతుంది. నాలుగు నిమిషాల బౌట్‌లో మూడో నిమిషం నుంచి ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి పట్టు వదిలేస్తాయి. "మా అమ్మాయి బాగా ఆడింది, చివర్లో స్టామినా చాల్లేదు" అనే మాట మన కోచ్‌ల దగ్గర తరచూ వింటాం. అది స్టామినా లోపం కాదు, కాటా చేసిన పని.

ప్రాణానికి కూడా ముప్పే. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు దాదాపు నెల వ్యవధిలో ఇలాగే ప్లాస్టిక్ సూట్లలో చెమట పట్టించుకుని చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీ నిబంధనలు మారాయి. మన ఎండల్లో, ఏప్రిల్ నెలలో కేబీఆర్ పార్కు చుట్టూ రెయిన్‌కోటుతో పరుగెత్తేవాళ్లను చూస్తే అందుకే భయం వేస్తుంది.

కాబట్టి 57 తప్పు కాదు, దిగే పద్ధతి తప్పు. 63లో ఉండే అమ్మాయిలు మామూలు రోజుల్లో 65, 66 ఉంటారు. 60.5తో వాళ్ల మధ్య నిలబడటం కష్టం. పన్నెండు వారాల ముందు మొదలుపెట్టి 60.5 నుంచి 58.3కి రావాలి. వారానికి 200 గ్రాములకు మించి తగ్గాల్సిన పని లేదు. అంటే రోజుకి 220 కేలరీల దాకా తగ్గిస్తే చాలు. ప్రాక్టీసు అయ్యాక తాగే ఇరానీ చాయ్, దాంతో పాటు నాలుగు ఉస్మానియా బిస్కెట్లు మానేస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. మాంసకృత్తులు మాత్రం తగ్గకూడదు, రోజుకి 100 గ్రాములు ఉండాలి: నాలుగు గుడ్లు, 150 గ్రాముల చికెన్, రెండు పూటలా గట్టి పప్పు, పాలు, పెరుగు కలిపితే అక్కడికి వస్తుంది. హాస్టల్ మెస్సులో నీళ్ల పప్పు పోస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పన్నెండు వారాల తర్వాత కూడా 58.5 కిందికి రాకపోతే, లేదా నెలసరి ఆగిపోతే, అక్కడితో ఆపి 63కి మారిపోండి. నెలసరి ఆగడం అంటే శరీరానికి తిండి చాలట్లేదని అర్థం. ఎముకలు బలహీనపడి స్ట్రెస్ ఫ్రాక్చర్ల దాకా వెళుతుంది. దాన్ని క్రమశిక్షణకు గుర్తుగా చూసే కోచ్ ఉంటే కోచ్‌ని మార్చండి. ఇంకో మాట: నెలసరికి ముందు రోజుల్లో నీరు పట్టి చాలామందికి అర కిలో నుంచి కిలో దాకా పెరుగుతుంది. నాలుగైదు నెలలు రోజూ పొద్దున్నే బరువు రాసిపెడితే ఆమెకి ఎంత పెరుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో తెలుస్తుంది. పోటీ తేదీ ఆ రోజుల్లో పడుతుంటే 58.3 బదులు 57.8 దగ్గర ఉండేలా చూసుకోవాలి.

చివరి 1.3 కిలోలు ఆఖరి నాలుగు రోజుల పని. మూడు రోజులు పీచు తగ్గించండి: ఆకుకూరలు, పచ్చి కూరగాయలు, జొన్నరొట్టె, పెసలు బంద్. ఇడ్లీ, పెరుగన్నం, గుడ్డు, చికెన్ చాలు. పేగుల్లో నిలవ తగ్గి దాదాపు అర కిలో పోతుంది. పచ్చళ్లు, అప్పడాలు, ఇన్‌స్టంట్ నూడుల్స్ మానేస్తే ఉప్పు తగ్గి ఇంకాస్త నీరు దిగుతుంది. నీళ్లు తాగడం మాత్రం తూకానికి ముందు రోజు రాత్రి దాకా మామూలుగానే. తూకం రోజున గుటకలుగా తాగితే చాలు. నిద్రలోనే అర కిలో దాకా పోతుంది కాబట్టి మిగిలింది పెద్ద కష్టం కాదు. ఇంట్లోని కాటాను నమ్మొద్దు. జిమ్‌లో 20 కిలోల ప్లేట్లు మూడు పెట్టి 60 చూపిస్తుందో లేదో చూడండి. పరుపు మీదో, చాప మీదో కాకుండా గట్టి గచ్చు మీద పెట్టాలి.

తూకం అయిన వెంటనే ఓఆర్ఎస్. లీటరు నీళ్లకి ఒక ప్యాకెట్, గంటన్నరలో కొద్దికొద్దిగా. మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి అని చెప్పి తీసుకోండి. టెట్రా ప్యాక్‌లో అదే పేరుతో అమ్మిన తీపి నీళ్ల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని తేల్చింది. పోయిన నీటికి ఒకటిన్నర రెట్లు తాగాలి, కిలో తగ్గితే లీటరున్నర. తర్వాత అన్నం, పెరుగు, అరటిపండు, ఉడికించిన ఆలుగడ్డ. ఆ రాత్రి బిర్యానీ పెట్టించి సంబరం చేసేవాళ్లున్నారు, నూనె అరగక పొద్దున కడుపు బరువుగా ఉంటుంది.

ఇక్కడే రెండు హెచ్చరికలు. బరువు దిగడానికి "ఒక చిన్న మాత్ర" అని ఎవరైనా ఫ్యూరోసెమైడ్ లాంటిది చేతిలో పెడితే విసిరేయండి. మూత్రం ఎక్కువ పోయించే మందులన్నీ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి, పోటీ లేని రోజుల్లో కూడా. రెండోది, తూకం తర్వాత నీరసంగా ఉందని వీధి చివర క్లినిక్‌లో సెలైన్ ఎక్కించడం. మన దగ్గర జ్వరం వచ్చినా సెలైనే, అలసినా సెలైనే. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధన ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఎక్కించడమే నేరం, అందులో ఏ మందూ లేకపోయినా సరే. ఆసుపత్రి చికిత్సలో భాగమైతేనో, ముందుగా టీయూఈ (చికిత్స కోసం ఇచ్చే మినహాయింపు) అనుమతి ఉంటేనో తప్ప మినహాయింపు లేదు. అర లీటరు సీసా ఒక్కటి చాలు కెరీర్ ఆగిపోవడానికి.

ఇప్పుడు జూడోగి. తెలుపు, నీలం రెండూ తప్పనిసరి. బౌట్ జాబితాలో ముందు పిలిచిన పేరు తెలుపు, రెండోది నీలం. ఒక్కో రంగులో రెండు ఉండాలి, ఎందుకంటే రక్తం మరక పడ్డా, భుజం దగ్గర చిరిగినా మార్చుకోవాలి. అంతర్జాతీయ జూడో సమాఖ్య (ఐజేఎఫ్) ఆమోదం ఉన్న లేబుల్ లేకపోతే జూడోగి తనిఖీ (కంట్రోల్) దగ్గరే ఆపుతారు. మిజునో, అడిడాస్, కుసాకురా వంటి కంపెనీల మోడళ్లన్నిటికీ ఆమోదం ఉండదు, మోడల్ చూసి కొనాలి. ఖర్చు గట్టిగానే అవుతుంది. అయినా ట్రయల్స్‌కి చాలా ముందే కొనండి, దానికి కారణం కొలతలు ఒక్కటే కాదు. మన క్లబ్బుల్లో వేసుకునే పలచటి జూడోగికి, చదరపు మీటరుకి 700 గ్రాముల దాకా ఉండే ఆ బట్టకి పట్టులో చాలా తేడా. పలచటి కాలర్ పిడికిలిలో ముడుచుకుంటుంది. మందపాటిది ముడుచుకోదు, వేళ్ల చివరలతోనే నిలబెట్టాల్సి వస్తుంది. ఆ బట్టతో నెలల తరబడి రండోరి (స్వేచ్ఛగా తలపడే ప్రాక్టీసు బౌట్) చేయని చేతులు అక్కడ మొదటి బౌట్‌లోనే అలసిపోతాయి.

కొలతలు ఇలా చూస్తారు. చేతులు ముందుకు భుజం ఎత్తున చాపిస్తారు. స్లీవు మణికట్టు కీలు దాకా రావాలి. చేతికీ స్లీవుకీ మధ్య ఖాళీ 10 నుంచి 15 సెంటీమీటర్లు. దాన్ని సొకుతెయికి అనే కొలత పరికరం దూర్చి చూస్తారు. ముందు రెండు అంచులు ఒకదాని మీద ఒకటి కనీసం 20 సెంటీమీటర్లు పడాలి. కాలర్ మందం సెంటీమీటరు దాటకూడదు. ప్యాంటు చీలమండ దాకా, ఎంత పైకి లేచినా 5 సెంటీమీటర్లు. బెల్టు వెడల్పు 4 నుంచి 5, ముడి వేశాక కొసలు 20 నుంచి 30. అన్నీ సరిగ్గా ఉన్న జూడోగి కూడా ఫెయిల్ అవుతుంది, వేడినీళ్లలో ఉతికితే. నూలు ముడుచుకుని స్లీవు రెండు సెంటీమీటర్లు పైకి పోతుంది. చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. కొత్తది కొన్నప్పుడు రెండు మూడు ఉతుకుల తర్వాతే కొలిచి, ఆ కొలత నమ్మండి. జులైలో మన వానలకి ఆ బట్ట రెండు రోజులైనా ఆరదు. తడి వాసన వచ్చే జూడోగిని కూడా కంట్రోల్‌లో తిప్పి పంపుతారు. ఫెయిల్ అయితే ప్లేయరు రిజర్వు జూడోగి వేసుకుని ఆడుతుంది గానీ, కోచ్‌కి ఆ రోజు మ్యాట్ పక్క కుర్చీ పోతుంది.

లోపల తెల్ల రౌండ్ నెక్ టీషర్టు, ప్యాంటులోకి దోపాలి. వైరు, గట్టి హుక్కులు లేని స్పోర్ట్స్ బ్రా. జుట్టుకి లోహం లేని రబ్బరు బ్యాండు. గోళ్లు చిన్నవి. ముక్కుపుడక, చెవిదిద్దులు, తాయెత్తు, చేతికి కట్టిన ఎర్రదారం అన్నీ ఇంట్లోనే తీసేసి రావాలి. గట్టిగా బిగించిన ముక్కుపుడక బౌట్‌కి పిలిచే కాల్ రూములో ఊడక కన్నీళ్లు పెట్టుకునే బదులు నెల ముందే తీయించండి.

వీపు మీద పేరు ఇంకో తలనొప్పి. దాని మీద ఇంటిపేరు, దేశం కోడ్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకదాంట్లో ఖాళీ, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం, మరోదాంట్లో నాన్న పేరు. ఎస్సెస్సీ మెమోలో ఒకలా, కాలేజీ బోనఫైడ్‌లో మరోలా. ఎంట్రీలో పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి. ఇప్పుడే అన్ని కాగితాలూ ఒక తీరుకి తెచ్చుకోండి. ఎంట్రీల దగ్గర అలసత్వం ఎంత ఖరీదో 2025 జులైలో జర్మనీలో తెలిసింది. రైన్-రూర్ యూనివర్సిటీ గేమ్స్‌లో మన బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ టీంకి వెళ్లిన 12 మందిలో ఆరుగురికి ఆడే వీలు దొరకలేదు, మేనేజర్ల మీటింగులో పేర్లు సరిగ్గా అందలేదని వార్తలు వచ్చాయి. టీం మేనేజర్ని అడగడానికి మొహమాట పడొద్దు. తన పేరు, విభాగం ఎంట్రీ జాబితాలో ఉన్నాయో లేదో ప్లేయరే కళ్లారా చూడాలి.

మ్యాట్ మీదికి వద్దాం. ప్రత్యర్థిని వీపు మీద పూర్తిగా పడేస్తే ఇప్పోన్, అక్కడితో బౌట్ గెలిచినట్టే; దానికి కాస్త తక్కువైతే వజా-అరి. 2025 నుంచి యుకో అనే చిన్న స్కోరు మళ్లీ వచ్చింది. వజా-అరికి కాస్త తక్కువైన త్రోకి యుకో. కింద అదిమిపట్టడంలో 5 సెకన్లకి యుకో, 10కి వజా-అరి, 20కి ఇప్పోన్. రెండు వజా-అరిలు ఇప్పోన్ అవుతాయి గానీ, యుకోలు ఎన్ని పోగైనా వజా-అరి కావు. షిడో అంటే చిన్న తప్పుకి పడే శిక్ష, మూడు పడితే హన్సోకు-మాకె, అంటే బౌట్ పోయినట్టే. నాలుగు నిమిషాలకి సమంగా ఉంటే గోల్డెన్ స్కోర్, దానికి గడువు లేదు. అక్కడ మొదటి స్కోరు, యుకో అయినా సరే, గెలుపే.

ఈ మార్పు వల్ల మీ చెల్లెలాంటి ప్లేయర్లకి నేవాజా (నేల మీద పట్టే పట్లు) విలువ పెరిగింది. త్రో సగం పడ్డా వెంటనే మీదికి వెళ్లి 5 సెకన్లు అదిమితే స్కోరు. మన దగ్గర ప్రాక్టీసులో త్రో వేయగానే ఇద్దరూ లేచి నిలబడతారు, ఆ అలవాటు మాన్పించాలి. ఉచికోమిలో (ఒకే త్రోని పదేపదే చేసే సాధన) ప్రతి పదో త్రోకి కింద దాకా వెళ్లి కెసా-గతామెలో (పక్క నుంచి అదిమిపట్టే పట్టు) పది లెక్కపెట్టే దాకా వదలకూడదు. త్రోకీ పట్టుకీ మధ్య గ్యాప్ ఎక్కువైతే రెఫరీ మాతే (ఆగండి) అనేస్తాడు.

పట్టు గురించి ఒక్కటి చెబుతాను, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. జపాన్‌లో తోకాయ్, త్సుకుబా, కొరియాలో యోంగ్-ఇన్ లాంటి యూనివర్సిటీల నుంచి వచ్చే అమ్మాయిలు స్లీవు చెయ్యి దొరికే దాకా కాలర్ జోలికి పోరు. మనవాళ్లు రెఫరీ హాజిమే (మొదలెట్టండి) అనగానే రెండు చేతులతో కాలర్ మీద పడతారు. వాళ్లు మన కుడి స్లీవుని కిందికి లాగి పెడతారు, చెయ్యి పనిచేయదు. దాడి చేయలేం, వెనక్కి జరుగుతాం, ఒక పాదం గీత దాటుతుంది, ఒక షిడో. తల వంచేస్తాం, ఇంకో షిడో. త్రో పడకుండానే సగం ఓడిపోయాం. దీనికి మందు త్రో కాదు. వారానికి మూడు రోజులు, 30 సెకన్ల ముక్కలుగా, త్రో లేకుండా స్లీవు కోసమే పోరాటం, పది రౌండ్లు. ఎడమచేతి వాటం వాళ్లతో సగం రౌండ్లు. స్లీవు పోయిన వెంటనే రెండు చేతులతో విడిపించుకుని అదే ఊపులో కొఉచి-గారి (ప్రత్యర్థి కాలిని లోపలి వైపు నుంచి లాగే త్రో) అయినా వేయాలి. విడిపించుకుని ఊరికే నిలబడితే రెఫరీ కంటికి ఆట మానేసినట్టే.

కుస్తీ నుంచి వచ్చినవాళ్లకి ఇంకో అలవాటు, ఇరుకులో పడగానే చెయ్యి కాళ్ల మీదికి పోతుంది. బెల్టు కింద చెయ్యి వేసి దాడి చేస్తే షిడో. పాత వీడియోల్లో కాళ్లు పట్టి ఎత్తే త్రోలు కనిపిస్తాయి, 2013 తర్వాత అవి లేవు.

డ్రా విషయంలో ఒక భ్రమ వదులుకోవాలి. మొదటి బౌట్ ఓడినా రెపెషాజ్‌లో రెండో అవకాశం ఉంటుందని అనుకుంటారు. ఐజేఎఫ్ పద్ధతిలో రెపెషాజ్ క్వార్టర్ ఫైనల్లో ఓడినవాళ్లకే. అంతకు ముందు ఓడితే ఆ రోజు అక్కడికే అయిపోతుంది. కాబట్టి మొదటి బౌట్‌కే పూర్తి వేడితో దిగాలి. నలభై నిమిషాల వార్మప్, చివర్లో కనీసం రెండు గట్టి రండోరి రౌండ్లు, చెమట ఆరక ముందే కాల్ రూము. మూడు సార్లు పిలిచినా రాకపోతే ప్రత్యర్థి గెలిచినట్టు రాసేస్తారు. బౌట్ల మధ్య కనీసం పది నిమిషాలు ఇస్తారు. ఆ సమయంలో సగం అరటిపండు, నాలుగు ఖర్జూరాలు, కొంచెం ఓఆర్ఎస్ చాలు. గాయం విషయంలో ఒకే చోట రక్తం మూడోసారి వస్తే బౌట్ పోతుంది. పెదవి, వేలి చర్మం పగిలే అలవాటుంటే ముందే టేపు వేయించండి. కుర్చీలో ఉన్న కోచ్ మాతే తర్వాతే నోరు విప్పాలి. ఆట నడుస్తుండగా అరిస్తే బయటికి పంపేయొచ్చు. మన జిల్లా పోటీల్లో గొంతు పోయేలా అరిచే పద్ధతికి అలవాటుపడిన ప్లేయర్లు అక్కడి నిశ్శబ్దంలో తడబడతారు, కాబట్టి క్లబ్బులో కూడా అప్పుడప్పుడూ నోరు మూసుకుని బౌట్లు ఆడించండి.

57లో పతకం మనవాళ్లకి అందనిదేమీ కాదు. 2023లో చెంగ్డూలో జరిగిన ఇవే గేమ్స్‌లో యామిని మౌర్య ఈ విభాగంలోనే కాంస్యం తెచ్చింది. ఎక్కడ ప్రాక్టీసు చేయాలన్నదే మీ ఇంటికి అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో 57, 63 అమ్మాయిలు పదిమంది ఒకే హాల్లో దొరకడం కష్టం. 60 కిలోల కుర్రాళ్లతో పట్టు రౌండ్లు ఆడొచ్చు గానీ, వాళ్లతో పూర్తి బలంతో రండోరి రోజూ పెడితే మోకాళ్లు, భుజాలు పోతాయి. వారానికి రెండు రోజులు చాలు. సెలవుల్లో మూడు నాలుగు వారాలు బళ్ళారి వైపు విజయనగర్‌లోని ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లోనో, భోపాల్ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలోనో శిబిరం దొరుకుతుందేమో కోచ్ ద్వారా రాయించండి. దొరికితే మందపాటి జూడోగి తీసుకునే వెళ్లమనండి, బరువు నోటుబుక్కు కూడా.